ఏమీ తెలియనివాళ్ళ గది

2004 ఆగస్టులో మా కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. టైపు చేసింది కాదు, ప్రిన్సిపాల్ సంతకమూ లేదు. రూళ్ళ కాగితం మీద నీలం సిరాతో, పలక మీద దిద్దినంత జాగ్రత్తగా రాసి ఉంది: “రోబో చేయుట నేర్పబడును. సాయంత్రం నాలుగున్నర. వర్క్‌షాపు వెనక గది. ఏమీ తెలియనివాళ్ళు మాత్రమే రావలెను.”

చదవగానే నాకు ఒళ్ళు మండింది. నా పేరు బాలచంద్ర. మా మేనమామకు పీలేరులో టీవీలు రిపేరు చేసే అంగడి ఉంది. ఏడో తరగతి నుంచి నా వేసవి సెలవులన్నీ ఆ అంగట్లో పొగ పీలుస్తూ గడిచాయి. మొదటి సంవత్సరంలో చేరిన నూట ఎనభైమందిలో సోల్డరింగ్ కడ్డీ పట్టుకోవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నాలాంటివాణ్ణి రావద్దనడానికి వీడెవడు అనుకుని, పోట్లాడదామని సరిగ్గా నాలుగున్నరకు పోయాను.

రాసినవాడు గంగాధరం. మా వర్క్‌షాపులో అటెండరు. చంద్రగిరిలో కోట వెనక వీధిలో ఇల్లు. ఐటీఐలో ఫిట్టరు చదివి, పదేళ్ళు బోరు మోటార్లకు వైండింగ్ చేశాడు. ఆ ప్రాంతంలో నీళ్ళు కిందికి పోయే కొద్దీ మోటార్లు కాలిపోయేవి, ఆయనకు చేతినిండా పని ఉండేది. చివరికి నీళ్ళే లేకుండా పోయాయి, దాంతో మోటార్లూ ఆగిపోయాయి, ఆయన పనీ ఆగిపోయింది. తిరుపతి రోడ్డులో మా కాలేజీ కొత్తగా పెడితే వచ్చి చేరాడు. పొద్దున ఇనుము అరగదీసే ఆకురాళ్ళు, రంపాలు లెక్కపెట్టి ఇవ్వడం, సాయంత్రం లెక్కపెట్టి తీసుకోవడం ఆయన ఉద్యోగం. మేమందరం అన్నా అని పిలిచేవాళ్ళం.

గదిలో అప్పటికే నలుగురు ఉన్నారు. ఆయన ఒక్కొక్కరినీ ఒకటే ప్రశ్న అడుగుతున్నాడు. నా వంతు వచ్చింది.

“నీకేం తెలుసప్పా?”

“అన్నీ తెలుసు” అన్నాను. పోట్లాటకు వచ్చినవాణ్ణి కదా.

ఆయనకు కోపం రాలేదు. నా ముఖంలోకి చూసి నవ్వాడు. “అట్లయితే నీతో శానా పని ఉండాది. చేతులు ఎనక్కి కట్టుకోని ఈడ నిలబడు. తెలిసింది నోటితో చెప్పు. చెయ్యేసినావంటే మాత్రం బయటికి పంపిచ్చేస్తా.”

ఆ గదిలో రూలు అదొక్కటే. తెలిసినవాడు ముట్టుకోకూడదు, తెలియనివాడే చెయ్యాలి. చివరి సంవత్సరంవాళ్ళకు అప్పటికే ఒక రోబో సంఘం ఉండేది. ఇద్దరు చేసేవాళ్ళు, ఇరవైమంది చుట్టూ నిలబడి చూసేవాళ్ళు, ఫోటోలో మాత్రం అందరూ ఉండేవాళ్ళు. అది చూసీ చూసీ గంగాధరన్నకు విసుగు పుట్టింది. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఆకురాయి ఎటు పట్టుకోవాలో తెలియక, అడిగితే నవ్వుతారని భయపడి, పక్కవాడితో చేయించుకుని మార్కులు తెచ్చుకుని వెళ్ళిపోవడం ఆరేళ్ళుగా చూస్తున్నాడు. అందుకే పాత సామాను గది ఊడ్చి, సున్నం కొట్టి, నోటీసు రాశాడు. ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది కాని, ఆ మొదటి నెల నాకు నరకం. చేతులు వెనక్కి కట్టుకుని ధరణి పనిచేయడం చూడాలి. ధరణిది ఏర్పేడు దగ్గర పల్లె, చెనిక్కాయ పండించే ఇల్లు. సోల్డరింగ్ కడ్డీని హారతి పళ్ళెంలా రెండు చేతులతో పట్టుకునేది. అదీ చాలా రోజులకు. మొదట్లో ఆ పిల్ల వైరు కనిపిస్తేనే వెనక్కి జరిగేది. చిన్నప్పుడు పక్క చేను రైతు తడి చేతులతో మోటారు స్టార్టరు నొక్కి పడిపోవడం కళ్ళతో చూసింది. అప్పటినుంచి స్టార్టరు పెట్టె దగ్గరికి పోవద్దని వాళ్ళ నాయన కట్టడి చేశాడు. ఆ భయంతోనే పెరిగి, మార్కులు బాగా వచ్చాయని ఎలక్ట్రానిక్స్‌లో చేరింది.

గంగాధరన్న ఆమెను తొందర పెట్టలేదు. రోజూ నాలుగు పెన్సిలు సెల్లులు బల్ల మీద ఆమె ముందు పెట్టేవాడు. “ఇది కొరకదు పాపా. నీకెప్పుడు బుద్ధి పుడితే అప్పుడు పట్టుకో” అనేవాడు. రెండు వారాలు ఆమె పట్టుకోలేదు. పదిహేనో రోజు ఎవరూ చూడటం లేదనుకుని ఒక సెల్లుకు రెండు వైపులా వేళ్ళు ఆనించింది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం చూసి ఎంత ఆశ్చర్యపోయిందంటే, నోరు తెరిచి అలాగే కూర్చుండిపోయింది. గంగాధరన్న చూసి కూడా చూడనట్టు కిటికీ తుడుస్తున్నాడు.

నెల రోజులు పాత టేపురికార్డర్లు విప్పడం, బిగించడం. ఒక్క మరమేకు మిగిలినా మళ్ళీ మొదటికి రావాలి. ఆ తరవాత బండి మొదలైంది. పరీక్ష రాసే అట్టను కోసి దానికి ఒళ్ళు చేశారు. పచ్చడి సీసా మూతలకు సైకిలు ట్యూబు ముక్కలు తొడిగి చక్రాలు చేశారు. టేపురికార్డర్ల మోటార్లు, గోవిందరాజస్వామి గుడి వీధిలో కొన్న బొమ్మకార్ల పళ్ళచక్రాలు కలిపారు. ముందు రెండు కళ్ళు, పైన ఆ కళ్ళనూ మోటార్లనూ కలిపే చిన్న సర్క్యూట్ బోర్డు పెట్టారు. ఒక్కో కంటిలో నేల మీదికి వెలుగు వేసేది ఒకటి, తిరిగి వచ్చిన వెలుగును చూసేది ఒకటి. నేల మీద గీసిన గీత వెంట బండి తనంతట తాను నడవాలి. చిత్తూరులో ఒక కాలేజీవాళ్ళు డిసెంబరులో పెట్టే పోటీ అదే. వాళ్ళు పంపిన కాగితంలో గీత వెడల్పు రెండు సెంటీమీటర్లు అని ఉంది, ఎన్ని వంపులో ఉంది, అంతకు మించి ఏమీ లేదు.

మా గదిలో నేలంతా కడప బండలు, నల్లగా నిగనిగలాడేవి. గీత వెయ్యమంటే ధరణి క్షణం ఆలోచించలేదు. బియ్యప్పిండి నీళ్ళలో కలిపి తడిముగ్గు వేసింది, ఎక్కడా తెగకుండా, వంపులు తిప్పుతూ గది ఈ మూల నుంచి ఆ మూలకు. మరునాడు వచ్చి చూస్తే ఆ గీత పొడుగునా ఎర్రచీమలు బారు కట్టి పిండి తింటూ పోతున్నాయి. నేను చీపురు తెద్దామని లేచాను.

“గమ్మునుండప్పా” అని గంగాధరన్న నన్ను ఆపాడు. మా ఐదుగురినీ నేల మీద కూర్చోబెట్టాడు. “దానికి కన్ను ఎంతుంటాది? మెదడు ఎంతుంటాది? యాడ తిరగాలో దానికి ఎవరు చెప్పినారు? సూడండి.” అరగంట చూశాం. ఆయన ముఖం గుళ్ళో నిలబడినవాడి ముఖంలా ఉంది. మా బండికి చీమ అని పేరు అప్పుడే పడింది. గీతను సున్నంతో వేసుకోవడం ఆ మరునాటినుంచి మొదలు.

మా చీమ పని చేసే పద్ధతి తేలిక. నల్ల నేల వెలుగును మింగేస్తుంది, తెల్ల గీత తిరిగి పంపుతుంది. ఎడమ కంటికి తెలుపు తగిలితే ఎడమ చక్రం ఆగుతుంది, కుడి చక్రం తిరుగుతూనే ఉంటుంది, బండి ఎడమకు మళ్ళుతుంది. కుడి కంటికి తగిలితే కుడికి. రెండింటికీ నలుపే కనిపిస్తే నేరుగా పోతుంది. నవంబరు మొదటి వారంలో ఒక సాయంత్రం ధరణి దాన్ని సున్నం గీత మీద పెట్టి మీట నొక్కింది. తడబడుతూ, తల అటూ ఇటూ తిప్పుతూ, గీత ఎటు వంగితే అటు వంగి, మా కాళ్ళ మధ్యనుంచి ఆ మూలదాకా పోయింది. నాకు ఒళ్ళు జలదరించింది. టీవీలు బాగుచేసే అంగట్లో పెరిగినవాణ్ణి, నేనే చేతులు వెనక్కి కట్టుకుని దాని వెంట ఆ మూలదాకా నడిచాను. ఏమీ తెలియని నలుగురి చేతుల్లో అట్టముక్క ప్రాణం పోసుకుంది.

సంతోషం వారం రోజులు కూడా నిలవలేదు. చివరి సంవత్సరం సంఘానికి పెద్దగా ఉండే లెక్చరరు ప్రిన్సిపాల్‌కు చెప్పాడు. ప్రిన్సిపాల్ గదికి వచ్చాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు.

“అటెండరు పాఠాలు చెప్తున్నాడని తనిఖీకి వచ్చినవాళ్ళకు తెలిస్తే నేనేం చెప్పుకోవాలయ్యా గంగాధరం?”

“పాఠాలు చెప్పడంలే సార్. ఆ పిల్లోళ్ళే చేసుకుంటాండారు.”

ప్రిన్సిపాల్ చీమను చూశాడు. వంగి దాని చక్రాన్ని వేలితో తిప్పాడు. తరవాత, “చిత్తూరుకు పోండి. అక్కడ గీత మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి పూర్తి చేసి రండి. గెలవనక్కర్లేదు. పూర్తి చేస్తే ఈ గది నీకే వదిలేస్తాను. చెయ్యకపోతే తాళంచెవి ఆఫీసులో ఇచ్చెయ్” అన్నాడు.

ఆయన వెళ్ళాక గంగాధరన్న ఏమీ జరగనట్టే ఉన్నాడు కాని, తాళంచెవిని జేబులోంచి తీసి చూసి మళ్ళీ జేబులో వేసుకోవడం నేను రెండుసార్లు చూశాను. ఆ గది పోతే ఆయన మళ్ళీ ఆకురాళ్ళు లెక్కపెట్టుకోవాలి. ధరణి మళ్ళీ ఎవరి రికార్డో చూసి రాసుకోవాలి. నా సంగతి వేరు, నాకు పీలేరులో అంగడి ఉంది. అయినా మరునాడు అందరికన్నా ముందు గది దగ్గరికి పోయింది నేనే.

చిత్తూరులో పద్నాలుగు జట్లు. ఎవరి వంతు వస్తే వాళ్ళనే హాల్లోకి పిలుస్తారు, మిగతావాళ్ళు బయట వరండాలో కాచుకోవాలి. ఒక్కో జట్టుకు పది నిమిషాలు. గురువులు తాడు అవతల నిలబడాలి, మాట్లాడొచ్చు కాని లోపలికి రాకూడదు. మాది తొమ్మిదో వంతు. లోపలికి పోయాం. నేల మీద పెద్ద తెల్ల ఫ్లెక్సీ పరిచి, దాని మీద నల్ల టేపుతో గీత అంటించారు. మేం చూశాం. కళ్ళారా చూశాం. వంపులు ఎంత నున్నగా వచ్చాయో అని కూడా అనుకున్నాం. పన్నెండేళ్ళు తెల్ల కాగితం మీద రాసుకుంటూ వచ్చినవాళ్ళం, ఒక్కరికీ తట్టలేదు. నేల మీద గీత అంటే మాకు పుట్టినప్పటినుంచీ తెల్లదే కదా.

ధరణి చీమను పెట్టి మీట నొక్కింది. చీమ కదల్లేదు.

మళ్ళీ నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. నేను సెల్లులు మార్చమని అరిచాను. మార్చారు. కదల్లేదు. వైర్లు చూడమన్నాను. చూశారు, అన్నీ గట్టిగానే ఉన్నాయి. “నువ్వే ఏదో పీకేసినావు” అని ధరణి మీద విరుచుకుపడ్డాను. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వంతు అయిపోయి చుట్టూ కుర్చీల్లో కూర్చున్న వేరే కాలేజీలవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. ఎవరో పచ్చడి సీసా మూతలను చూపించి ఏదో అన్నారు. నాలుగు నిమిషాలు అయిపోయాయి. నాకు తెలిసిందంతా అయిపోయింది.

తాడు దగ్గరికి పరుగెత్తాను. “అన్నా, చెప్పన్నా! ఏమైందో చెప్పు!”

గంగాధరన్న ముఖం పాలిపోయి ఉంది. అయినా గొంతు నిదానంగానే వచ్చింది. “అరవద్దప్పా. అది ఏం సూస్తాండాదో మీరు సూడండి.”

“టైం లేదన్నా! గది పోతాది!”

“సూడండి” అన్నాడు. ఆ క్షణంలో ఆయన్ను కొట్టాలనిపించింది, నిజం చెప్తున్నాను.

ఇక లాభం లేదనుకుందేమో, ధరణి చీమను చేతుల్లోకి ఎత్తుకుంది. ఎత్తగానే చక్రాలు రెండూ గిర్రున తిరిగాయి. ఆమె ఉలిక్కిపడి కింద పెట్టింది. ఆగిపోయాయి. ఎత్తింది, తిరిగాయి. దించింది, ఆగాయి. హాల్లో నవ్వులు ఇంకా పెద్దవయ్యాయి. ఆమెకు వినిపించినట్టు లేదు. చున్నీ నడుముకు చుట్టుకుని, అంతమంది ముందు నేల మీద బోర్లా పడుకుంది. చెంప ఫ్లెక్సీకి ఆనించి, చీమ కళ్ళు ఎక్కడున్నాయో అక్కడికి తన కళ్ళు తెచ్చి, ఒక కన్ను మూసి చూసింది. నేను ఆరో నిమిషం గడవడం గోడ గడియారంలో చూస్తున్నాను.

ఉన్నట్టుండి లేచి కూర్చుంది. “ఒరే బాలా, దీనికి నేలంతా గీతే! యాడ సూసినా తెలుపే! గీత మీదుండానని రెండు చక్రాలూ ఆపేసుకోని కూర్చోనుండాది!”

నాకు అర్థం కావడానికి ఇంకో క్షణం పట్టింది. ఆమె నా కోసం ఆగలేదు. ఒక్కో కంటి నుంచి వచ్చే రెండు వైర్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చితే చాలు. తెలుపు కనిపిస్తే నడుస్తుంది, నలుపు తగిలితే ఆగుతుంది. వైర్లు పీకి, తిప్పి, గుచ్చింది. నాలుగు వైర్లు. నేనైతే ఇంకా తొందరగా చేసేవాణ్ణి అని మొదట అనుకున్నాను. చూస్తూ ఉంటే కాదని తెలిసిపోయింది. ఆ వేళ్ళకు చీమ ఒంట్లో ప్రతి వైరూ చీకట్లో కూడా తెలుసు.

ఇక రెండు నిమిషాల చిల్లర మిగిలింది. చీమను గీత మీద పెట్టి మీట నొక్కింది.

కదిలింది. మొదటి వంపు తిరిగింది, రెండోది తిరిగింది. మెలికలు తిరిగిన చోట గీత వదిలేస్తుందేమో అన్నంతగా పక్కకు ఒరిగి, ఏదో గుర్తొచ్చినట్టు తల తిప్పుకుని మళ్ళీ గీత మీదికి వచ్చింది. హాల్లో నవ్వులు ఎప్పుడు ఆగాయో తెలియదు. అంతమంది ఉన్నా సీసా మూతలు ఫ్లెక్సీ మీద చేసే చిన్న చప్పుడు వినిపిస్తోంది. అప్పటికి మూడు నెలల ముందు సెల్లు ముట్టుకోవడానికి భయపడిన పిల్ల దాని పక్కనే మోకాళ్ళ మీద పాకుతూ పోతోంది. నాకు కళ్ళు మసకబారాయి. గీత కొస దాటాక, చీమ ఇంకా పోదామనుకుని తాడు దాకా పోయి గంగాధరన్న చెప్పు తగిలి ఆగింది. పది నిమిషాల గంట అప్పుడు మోగింది.

పద్నాలుగు జట్లలో గీత పూర్తి చేసినవి ఐదు. అన్నిటికన్నా నిదానంగా నడిచింది మాది. బహుమతి లేదు. గది మాత్రం మిగిలింది. ప్రిన్సిపాల్ మాట తప్పలేదు, మరుసటి ఏడాది ఆ గదికి ఇంకో రెండు బల్లలు కూడా ఇచ్చాడు.

సాయంత్రం తిరుపతి బస్సెక్కాం. పూతలపట్టు దాటేదాకా అందరం కేకలే. తరవాత నాకు లోపల ఉడుకుతున్నది ఆగలేదు. గంగాధరన్న సీటు దగ్గరికి పోయాను.

“నీకు తెలిసి కూడా ఎందుకు చెప్పలేదన్నా? ధరణికి తట్టకపోయుంటే? గది పోయేది కదా. అంత పంతమా?”

ఆయన నా వైపు వింతగా చూశాడు. “నాకు యాడ తెలుసప్పా?”

“అంటే?”

“నాకు మోటార్లు తెలుసు. ఈ కండ్లు, ఈ బోర్డు సంగతి నాకేం తెలుసు? తిరపతిలో ఎల్లప్ప అని రేడియోలు చేసే ఆయప్ప ఉండాడు. ఆదివారం పొయ్యి ఒక పాఠం చెప్పిచ్చుకొని వస్తా, సోమవారం మీ ముందర పెడతా. అంతే. ఆడ బండి నిలబడిపోతే నాకూ ఏం తోచలే.”

“మరి అదేం చూస్తుందో చూడమన్నావు?”

“ఇంకేం చెప్పేది? మోటరు చెడిపోతే నేను మొదట చెవి ఆనించి ఇంటా. దీనికి చెవి లేదు, కన్నుండాది. అందుకని సూడమన్నా.”

నేను నిలువు కంబీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాలుగు నెలలు ఆయన్ను అన్నీ తెలిసినవాడనుకున్నాను. నాకు తెలిసిన దాంట్లో సగం కూడా తెలియకుండా, తన గదినీ తన పరువునూ ఆ అట్టముక్క మీద పెట్టి, నా అరుపులకు బెదరకుండా నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళు గడిచాయి. చాలా పెద్ద చదువులు చదివినవాళ్ళ దగ్గర పనిచేశాను. అంత ధైర్యం మళ్ళీ నాకు కనిపించలేదు.

ఆయన నన్ను దాటి వెనక సీటు వైపు తిరిగాడు. “పాపా ధరణీ, సోమవారం ఆ వైర్ల సంగతి నాకు కొంచెం నేర్పియ్యి. నాకింకా పూర్తిగా ఎక్కలే.”

“సోమవారం దాకా ఎందుకన్నా, ఇప్పుడే సూపిస్తా” అంటూ ధరణి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. సంచిలోంచి చీమను తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆయన జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఆమె చెప్పింది. ఆయన తల ఊపాడు, తరవాత అడ్డంగా ఊపాడు. “ఇంకోసారి చెప్పు పాపా.” రెండోసారి ఇంకా నిదానంగా చెప్పింది. మూడోసారి ఆయన టికెట్టు వెనక బొమ్మ గీయించుకున్నాడు. ముందు సీట్లో మూటలు పెట్టుకున్న ఒక పెద్దాయన కూడా వెనక్కి తిరిగి వింటున్నాడు.

“ఓహో! అంతేనా!” అని గంగాధరన్న ఒక్కసారిగా అరిచాడు. కండక్టరు తిరిగి చూశాడు. ఆయన పట్టించుకోలేదు. బొమ్మ పైనుంచి వేలు పోనిస్తూ, తనలో తను చెప్పుకుంటూ, ధరణిని మళ్ళీ మళ్ళీ చూస్తూ కూర్చున్నాడు.

ఆయన దిగాల్సిన చంద్రగిరి వచ్చింది. బస్సు ఆగింది, ఎవరెవరో దిగారు, కదిలింది. ఆయన తలెత్తలేదు. మాలో ఒక్కరికీ చెప్పబుద్ధి కాలేదు.